గిరిమిట్ బిడ్డల దేశం, గుర్తింపు గొడవ

శుక్రవారం మధ్యాహ్నం మెస్సులో అన్నం ముందు కూర్చున్నప్పుడు, ఏదో ఒక దేశంలో మిలిటరీ వాళ్ళు అధికారం పట్టుకున్నారని టీవీలో వార్త వస్తే మన గదుల్లో ఒక ప్రశ్న తప్పకుండా లేస్తుంది. "అన్నా, మరి ఆళ్ళ పాస్‌పోర్టు ఇంక చెల్లుతదా?" పక్క గదిలో ఉన్నది బర్మా మనిషో, సూడాన్ మనిషో అయితే ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. అతని పాస్‌పోర్టు గడువు నాలుగు నెలల్లో అయిపోతుంది. కొత్తది ఎవరిస్తారు? ఎంబసీలో కూర్చున్నది పాత ప్రభుత్వం పంపిన మనిషా, కొత్తవాళ్ళ మనిషా? ఆ మనిషి సంతకాన్ని మనమున్న దేశంవాళ్ళు ఒప్పుకుంటారా?

ఈ వారం మనం చెప్పుకోబోయేది ఈ సంగతే. ఒక దేశంలో రాజ్యాంగాన్ని పక్కకు నెట్టి ఎవరో కుర్చీ ఎక్కితే, మిగతా దేశాలు వాళ్ళను గుర్తించాలా వద్దా అన్నది ఎలా తేలుతుంది? దీనికి ఉదాహరణలు చాలా ఉన్నాయి. మేము ఎంచుకున్నది మాత్రం పసిఫిక్ సముద్రంలోని ఫిజీ. ఎందుకంటే అక్కడ కూలిపోయిన ప్రభుత్వాల వెనుక నిలబడ్డవాళ్ళలో మనలాగే కూలికోసం సముద్రం దాటిన తెలుగువాళ్ళ బిడ్డలున్నారు.

ముందుగా ఒక చిన్న తేడా తెలుసుకోవాలి. మన ఊళ్ళో పంచాయతీ ఆఫీసు తాళం పగలగొట్టి ఒకడు సర్పంచ్ కుర్చీలో కూర్చున్నాడనుకుందాం. ఊరు ఊరే. పొలాలు ఎక్కడికీ పోవు, మన రేషన్ కార్డులు చిత్తుకాగితాలైపోవు. కాని అతను పెట్టిన సంతకం మండలాఫీసులో చెల్లుతుందా, పంచాయతీ ఖాతాలోని డబ్బు బ్యాంకువాడు అతని చేతికిస్తాడా అన్నది వేరే సంగతి. దేశాల మధ్య కూడా ఇదే తేడా. దేశాన్ని గుర్తించడం ఒకటి, ప్రభుత్వాన్ని గుర్తించడం ఇంకొకటి. ప్రభుత్వం దొడ్డిదారిన మారినా దేశం అలాగే ఉంటుంది. చేతిలో ఉన్న పాస్‌పోర్టు మామూలుగా చెల్లుతూనే ఉంటుంది. చిక్కంతా కొత్తది కావలసినప్పుడు, అప్పు పుట్టవలసినప్పుడు, ఐక్యరాజ్యసమితిలో ఆ దేశం కుర్చీలో ఎవరు కూర్చోవాలన్నప్పుడు వస్తుంది.

ఇక ఫిజీ సంగతి. 1874లో ఆ దీవులు బ్రిటిష్‌వాళ్ళ చేతికి వచ్చాయి. చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. 1879 మే 14న లియోనిడాస్ అనే ఓడ భారతదేశం నుంచి మొదటి కూలీలను అక్కడ దింపింది. 1916 వరకు అరవై వేల మందికి పైగా వెళ్ళారు. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా దక్షిణాదివాళ్ళు కూడా బయలుదేరారు. మొత్తంలో సుమారు నాలుగో వంతు వాళ్ళే. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళు అందులో ఉన్నారు. ఐదేళ్ళ అగ్రిమెంటు. ఆ మాట నోరు తిరగక 'గిరిమిట్' అన్నారు, వెళ్ళినవాళ్ళు గిరిమిటియాలయ్యారు.

వాళ్ళ వసతి గురించి చదివినప్పుడు మాకు మన క్యాంపులే గుర్తుకొచ్చాయి. వాటిని 'లైన్లు' అనేవారు. పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గది. ఒంటరి మగవాళ్ళయితే ముగ్గురు, లేదా ఒక కుటుంబం. గదికీ గదికీ మధ్య గోడ పైకప్పు దాకా ఉండేది కాదు, ఒక గదిలో దగ్గితే పక్క గదిలో వినిపించేది. ఐదేళ్ళు పూర్తయినా ఇంటికి తిరుగు టిక్కెట్టు ఉచితంగా రావాలంటే మరో ఐదేళ్ళు అక్కడే ఉండాలి. పదేళ్ళలో చాలామంది అక్కడే కౌలుకు నేల తీసుకుని చెరకు వేసుకున్నారు. మన దక్షిణాదివాళ్ళు 1926లో నాందీ పట్టణంలో ఒక సంగం పెట్టుకుని బళ్ళు కట్టించారు. ఇప్పటికీ అవి నడుస్తున్నాయి. తెలుగు మాత్రం తరాలు మారేకొద్దీ చాలా ఇళ్ళలో కరిగిపోయింది. అక్కడి హిందీయే అందరి మాటైంది.

నేల సంగతి ఒక్క మాట చెప్పుకోకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఫిజీలో ఎనభై శాతానికి పైగా భూమి అక్కడి ఆదివాసుల తెగలది. బ్రిటిష్‌వాళ్ళు దాన్ని అమ్మకానికి వీలులేకుండా చట్టం చేశారు. అది వాళ్ళకు మేలే చేసింది, కాదనలేం. కాని చెరకు పండించే మనవాళ్ళు మూడు తరాలైనా కౌలుదార్లుగానే మిగిలారు. జనాభాలో మాత్రం పెరిగారు. 1986 లెక్కల్లో భారత సంతతివాళ్ళు 48 శాతానికి పైగా ఉంటే, ఆదివాసులు 46 శాతం. వచ్చినవాళ్ళు ఇంటివాళ్ళకంటే ఎక్కువయ్యారన్న భయం రాజకీయ నాయకులకు మంచి పెట్టుబడి అయింది.

1970లో స్వాతంత్ర్యం వచ్చాక పదిహేడేళ్ళపాటు రాతూ కామిసేసే మారా ప్రధానిగా ఉన్నారు. 1985లో కార్మిక సంఘాలు కలిసి లేబర్ పార్టీ పెట్టాయి. 1987 ఏప్రిల్ ఎన్నికల్లో ఆ పార్టీ, భారత సంతతివాళ్ళ బలమున్న నేషనల్ ఫెడరేషన్ పార్టీతో కలిసి 52 స్థానాల్లో 28 గెలిచింది. ప్రధాని అయిన డాక్టర్ టిమొసి బవాద్రా ఆదివాసి. కాని మంత్రుల్లో సగం మంది భారత సంతతివాళ్ళు. దాంతో "దేశం ఇండియన్ల చేతికి పోయింది" అని వీధుల్లో ఊరేగింపులు మొదలయ్యాయి.

నెల రోజులు గడిచాయో లేదో, మే 14 ఉదయం పది గంటలకు పార్లమెంటు నడుస్తుండగా ముఖాలకు ముసుగులు వేసుకున్న పదిమంది సైనికులు లోపలికి వచ్చారు. వాళ్ళను నడిపింది సైన్యంలో మూడో స్థానంలో ఉన్న లెఫ్టినెంట్ కర్నల్ సితివేని రబుకా. ప్రధానిని, ఆయన పక్షం సభ్యులను బయటికి నడిపించి లారీలెక్కించారు. తేదీ మరోసారి చూడండి. మొదటి ఓడ దిగిన మే 14కు సరిగ్గా 108 ఏళ్ళు.

ఇక్కడ మొదలైంది గుర్తింపు నాటకం. అప్పటికి ఫిజీకి అధినేత బ్రిటన్ రాణి. ఆమె తరఫున గవర్నర్ జనరల్ రాతూ పెనాయా గనిలావు ఉన్నారు. ఆయన మొదట ఈ తిరుగుబాటును ఒప్పుకోనన్నారు. రాజ్యాంగం ఇంకా అమలులోనే ఉందని సుప్రీంకోర్టు జడ్జీలు ఆయనకు చెప్పారు. ఆయన అధికారాన్ని తన చేతిలోకి తీసుకున్నానని ప్రకటించారు. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, బ్రిటన్‌లకు ఇది ఊరట అయింది. రబుకాను గుర్తిస్తారా అని అడిగితే, మేము గవర్నర్ జనరల్‌తోనే వ్యవహరిస్తున్నామని చెప్పుకోవచ్చు. కాని ఆ గవర్నర్ జనరల్ సలహా మండలిలో రబుకాకూ చోటు దొరికింది! ముందు తలుపు మూశారు, పెరటి తలుపు తీశారు.

పదవి పోయిన బవాద్రా లండన్ వెళ్ళారు. ఓట్లతో గెలిచిన ప్రధాని తన దేశపు రాణిని కలిసి గోడు చెప్పుకోవాలనుకున్నారు. రాణి ఆయనను కలవలేదు. ఆమె ప్రైవేటు కార్యదర్శి కలిసి మాట్లాడి పంపించారు. అక్కడికి అంత దూరం వెళ్ళి సెక్రటరీతో మాట్లాడి వెనక్కి రావడం ఎలా ఉంటుందో, హెడ్డాఫీసు వరకు వెళ్ళి గుమాస్తాకు అర్జీ ఇచ్చి వచ్చిన మనవాళ్ళకు విడమర్చి చెప్పనక్కర్లేదు.

ప్రభుత్వాలు తటపటాయిస్తుంటే ముందుగా కదిలింది కూలీలు. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ రేవుల్లో సరుకులెత్తే కార్మికులు ఫిజీకి వెళ్ళే ఓడలను ముట్టుకోమన్నారు. ఫిజీలో చెరకు రైతులు పంట కోయమన్నారు. ఆ దేశానికి విదేశీ డబ్బు తెచ్చేది చక్కెరా, పర్యాటకులూ. రెండూ దెబ్బతిన్నాయి. ఆ ఒక్క ఏడాదే ఫిజీ డాలరు విలువ రెండుసార్లు తగ్గించారు. కార్మికులు ఎన్ని వారాలు నిలబడగలరన్నది వేరే మాట. చివరికి చెరకు కోశారు, ఓడలు కదిలాయి. కాని ఎవరిని గుర్తించాలన్న విషయంలో రేవు కూలీకి ఉన్న స్పష్టత విదేశాంగ మంత్రులకు లేకపోయింది, మేము అలాగే అనుకుంటున్నాము.

సెప్టెంబరులో మారా, బవాద్రా ఇద్దరూ కలిసి తాత్కాలిక ప్రభుత్వం నడపాలని ఒప్పందం కుదిరింది. రెండు రోజులు గడవకముందే, సెప్టెంబరు 25న, రబుకా రెండోసారి తిరుగుబాటు చేశాడు. అక్టోబరులో రాణిని తొలగించి ఫిజీని రిపబ్లిక్‌గా ప్రకటించాడు. గనిలావు రాజీనామా చేశారు. అదే నెలలో కెనడాలోని వాంకూవర్‌లో కామన్‌వెల్త్ దేశాధినేతలు కూర్చున్నారు. భారత ప్రధాని రాజీవ్ గాంధీ గట్టిగా పట్టుబట్టినవారిలో ఒకరు. ఫిజీ సభ్యత్వం రద్దయిందని తేల్చారు. అయితే అందులో ఒక తమాషా ఉంది. 'తుపాకీతో ప్రభుత్వాన్ని కూల్చావు కాబట్టి' అని కాదు. రాణిని వదిలి రిపబ్లిక్ అయ్యే దేశం మిగతా సభ్యుల అనుమతితో కొనసాగాలి, ఆ అనుమతి రాలేదు, అంతే. తుపాకీ నేరం అని రాసి ఉన్న నియమం అప్పటికి కామన్‌వెల్త్‌లో లేనే లేదు. అది 1995లో గాని రాలేదు.

భారతదేశం వ్యాపారం ఆపేసింది. అయినా ఫిజీ ఆకలితో చావలేదు. ఫ్రాన్స్ సాయానికి వచ్చింది. పసిఫిక్‌లో ఫ్రాన్స్‌కు దాని సొంత అవసరాలున్నాయి. యూరప్ చక్కెర కొంటూనే ఉంది. 1988 జనవరిలో ఆస్ట్రేలియా ఒక కొత్త విధానం ప్రకటించింది. ఇకమీదట మేము దేశాలనే గుర్తిస్తాం, ప్రభుత్వాలను గుర్తించడం, గుర్తించకపోవడం అన్న ప్రకటనలు ఇవ్వం అని. బ్రిటన్ ఇదే పని 1980లోనే చేసింది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. లాటిన్ అమెరికాలో తిరుగుబాట్లు మన ఊళ్ళో జాతరల్లాగా వచ్చిపోతుండేవి కాబట్టి, అక్కడివాళ్ళే దీని గురించి ముందుగా ఆలోచించారు. 1907లో ఈక్వడార్‌కు చెందిన కార్లోస్ టోబార్ ఒక మాటన్నారు. తిరుగుబాటుతో వచ్చిన ప్రభుత్వాన్ని, ఎన్నికలు జరిగి జనం ఒప్పుకునేదాకా ఎవరూ గుర్తించకూడదని. 1930లో మెక్సికో విదేశాంగ మంత్రి జెనారో ఎస్ట్రాడా దానికి ఎదురు చెప్పారు. నీ ప్రభుత్వం మంచిదా చెడ్డదా అని పక్క దేశం సర్టిఫికెట్ ఇవ్వడమే అవమానం, పెద్ద దేశాలు ఆ సాకుతో చిన్నవాళ్ళ మెడ పట్టుకుంటాయి, మేము రాయబారిని ఉంచుతాం లేదా వెనక్కి పిలుస్తాం, తీర్పులు చెప్పం అన్నారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఎస్ట్రాడా మాట చిన్న దేశం గౌరవం కోసం పుట్టింది. కాని బ్రిటన్, ఆస్ట్రేలియాల చేతిలో అది చేతులు దులుపుకునే మార్గమైంది.

డబ్బు విషయంలో మాత్రం చట్టం ఇంకా పచ్చిగా మాట్లాడుతుంది. కోస్టారికాలో 1917లో టినోకో అనే అతను అధికారం పట్టుకుని రెండేళ్ళు పాలించాడు. బ్రిటన్ అతన్ని ఎప్పుడూ గుర్తించలేదు. అతను పోయాక కొత్త ప్రభుత్వం అతని కాలపు నోట్లు, ఒప్పందాలు చెల్లవంది. అప్పుడు బ్రిటన్ కంపెనీలు, బ్యాంకులు గోల పెట్టాయి. 1923లో మధ్యవర్తిగా తీర్పు చెప్పిన అమెరికా ప్రధాన న్యాయమూర్తి టాఫ్ట్, మీరు గుర్తించినా గుర్తించకపోయినా దేశాన్ని నిజంగా నడిపింది అతనే కాబట్టి అది ప్రభుత్వమే అని తేల్చారు.

మళ్ళీ ఫిజీకి వద్దాం. 1989లో లౌతోకలో గుడి, మసీదు, గురుద్వారా తగలబెట్టారు. ఆ ఏడాది చివర్లో భారత రాయబారిని దేశం విడిచి పొమ్మన్నారు. 1990లో మన ఎంబసీయే మూసుకోవలసి వచ్చింది. అదే ఏడాది వచ్చిన కొత్త రాజ్యాంగం 70 స్థానాల్లో 37 ఆదివాసులకు, 27 భారత సంతతివాళ్ళకు కేటాయించి, ప్రధాని పదవి ఆదివాసికే అని రాసింది. చదువుకున్నవాళ్ళు, వైద్యులు, టీచర్లు, పనివాళ్ళు, దారి దొరికినవాళ్ళంతా ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, కెనడాలకు వెళ్ళిపోయారు. తాతలు ఒక సముద్రం దాటితే మనవలు మరో సముద్రం దాటారు. 2007 లెక్కలనాటికి భారత సంతతివాళ్ళు 37 శాతానికి దిగారు.

వలసలతో దేశానికే నష్టమని రబుకాకూ తెలిసివచ్చింది. 1997లో అందరికీ చోటున్న రాజ్యాంగం వచ్చింది, కామన్‌వెల్త్ తిరిగి చేర్చుకుంది. 1999లో భారత హైకమిషన్ మళ్ళీ తెరిచారు. అదే ఏడాది మే నెలలో కార్మిక సంఘం నాయకుడు మహేంద్ర చౌదరి ప్రధాని అయ్యారు. ఆ పదవికి వచ్చిన మొదటి గిరిమిట్ బిడ్డ ఆయనే.

సరిగ్గా ఏడాదికి, 2000 మే 19న, జార్జ్ స్పేట్ అనే వ్యాపారి కొందరు సైనికులతో పార్లమెంటులో చొరబడి ప్రధానిని 56 రోజులు బందీగా ఉంచాడు. సైన్యాధిపతి ఫ్రాంక్ బైనిమారామా అధికారం తీసుకుని, రాజ్యాంగం రద్దు చేసి, లైసేనియా కరాసే అనే బ్యాంకు అధికారిని తాత్కాలిక ప్రధానిని చేశాడు. స్పేట్‌ను తర్వాత జైల్లో వేశారు గాని, కూలిన ప్రభుత్వం మాత్రం లేచి నిలబడలేదు.

ఈ కథలో మాకు అన్నిటికన్నా నచ్చిన మనిషి ఇక్కడ వస్తాడు. ఆయన మంత్రి కాదు, రాయబారి కాదు. మువానివేని అనే పల్లెలో రైతు. తిరుగుబాటు రోజుల్లో ఆ పల్లెలో భారత సంతతి ఇళ్ళ మీద పడి దోచుకున్నారు, కొట్టారు. జనం పారిపోయి లౌతోకలో ఒక శిబిరంలో తలదాచుకున్నారు. ఆ శిబిరం నడిచింది ఎక్కడో తెలుసా? గిరిమిటియాల జ్ఞాపకార్థం కట్టిన గిరిమిట్ సెంటర్లో. అలా ఇల్లు వదిలిన ఆ రైతు కోర్టుకెళ్ళి ఒక్కటే అడిగాడు. రాజ్యాంగం ఉందా, లేదా?

2000 నవంబరులో లౌతోక హైకోర్టు 'ఉంది' అని చెప్పింది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళింది. 2001 మార్చి 1న ఐదుగురు జడ్జీల అప్పీలు కోర్టు కూడా అదే మాటంది. ఆ తీర్పులో రెండు సంగతులు మనం గుర్తుంచుకోదగ్గవి. తుపాకీ చేతిలో ఉంటే చాలదు, కొత్త ప్రభుత్వాన్ని జనం నిజంగా ఒప్పుకున్నారని ఆ ప్రభుత్వమే రుజువు చేసుకోవాలి. భయంతో నోరు మూసుకుని ఉండటం ఒప్పుకోవడం కిందికి రాదు. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ ప్రభుత్వం తీర్పుకు తలవంచింది. అంతకుముందు పాకిస్తాన్‌లో, ఉగాండాలో కోర్టులు 'గెలిచిన తిరుగుబాటే చట్టం' అన్నట్టు తీర్పులిచ్చాయి. ఇక్కడ ఇల్లు పోయిన ఒక రైతు దాన్ని తిప్పికొట్టాడు. పూర్తి న్యాయం జరిగిందని అనలేం. పాత పార్లమెంటును తిరిగి పిలవకుండా రద్దు చేసి ఎన్నికలు పెట్టారు, కరాసే గెలిచాడు, చౌదరి ప్రతిపక్షంలో కూర్చున్నారు. బయటి దేశాలకు ఎన్నికలు జరిగితే చాలు. 2001 డిసెంబరులో కామన్‌వెల్త్ సస్పెన్షన్ ఎత్తేసింది.

2006 డిసెంబరు 5న బైనిమారామా ఆ కరాసేనే కూల్చాడు. ఈసారి కథ తిరగబడింది. జాతి రాజకీయాలను, అవినీతిని తుడిచేస్తానన్నాడు. భారత సంతతివాళ్ళలో చాలామంది లోలోపల సంతోషించారు. 2000లో బందీగా ఉన్న మహేంద్ర చౌదరే 2007లో ఈ సైనిక ప్రభుత్వంలో ఆర్థికమంత్రిగా చేరారు, ఏడాదిన్నర ఉన్నారు. మాకు దీన్ని రాయడం కష్టంగానే ఉంది. మనల్ని కొట్టిన తిరుగుబాటు తప్పు, మనల్ని కాపాడతానన్న తిరుగుబాటు ఒప్పు అంటే 1987లో ఆ రేవు కూలీలు ఎందుకు పస్తులున్నట్టు? అలాగని, రెండుసార్లు ఇళ్ళు తగలబడ్డవాళ్ళు మూడోసారి ఊపిరి పీల్చుకుంటే వాళ్ళను తప్పుపట్టడానికి మాకు నోరు రావడం లేదు.

2009 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు ఈ ప్రభుత్వమూ చట్టవిరుద్ధమేనంది. ఈసారి తలవంచలేదు. మర్నాడే రాజ్యాంగం రద్దు చేశారు, జడ్జీలందరినీ తీసేశారు. పసిఫిక్ దేశాల కూటమి మే నెలలో, కామన్‌వెల్త్ సెప్టెంబరులో ఫిజీని పూర్తిగా పక్కనపెట్టాయి. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ మంత్రులకు వీసాలు ఆపాయి. చక్కెర రైతులకు రావలసిన యూరప్ సాయం ఆగిపోయింది. తప్పు చేసింది సైన్యం, డబ్బు ఆగింది చెరకు రైతుకు.

కాని ఐక్యరాజ్యసమితిలో ఫిజీ కుర్చీని ఎవరూ కదిలించలేదు. చైనా దగ్గరైంది. భారతదేశం కూడా ఈసారి 1987లోలాగా తలుపులు మూయలేదు. 2013లో వర్ధమాన దేశాల జి-77 కూటమికి ఫిజీయే అధ్యక్షత వహించింది. ఇంకో సంగతి మన ప్రాంతానికి దగ్గరిది. ఫిజీ సైనికులు దశాబ్దాలుగా సినాయ్, లెబనాన్‌లలో శాంతి కాపలా కాస్తూ జీతాలు ఇంటికి పంపుతున్నవాళ్ళు. ఇంట్లో ప్రభుత్వాన్ని కూల్చిన సైన్యాన్నే బయట శాంతి కాపాడమని పిలిచారు. 2013లో గోలాన్‌కు కూడా పంపారు. 2014 ఆగస్టులో అక్కడ 45 మంది ఫిజీ సైనికులను సిరియా తిరుగుబాటుదార్లు రెండు వారాలు పట్టి ఉంచినప్పుడు, వాళ్ళ ప్రభుత్వం గుర్తింపు ఉన్నదా లేనిదా అని ఎవరూ అడగలేదు.

2014 సెప్టెంబరు 17న ఎన్నికలు జరిగాయి. బైనిమారామా పార్టీ 50లో 32 గెలిచింది. పది రోజులు తిరక్కుండానే కామన్‌వెల్త్ తిరిగి చేర్చుకుంది. నవంబరులో మన ప్రధాని నరేంద్ర మోదీ సువా వెళ్ళారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు. పక్క గది బర్మా మనిషి సంగతి ఇలాగే చిక్కుపడి ఉంది. 2021 ఫిబ్రవరిలో అక్కడ సైన్యం అధికారం పట్టుకున్నాక, ఐక్యరాజ్యసమితిలో పాత ప్రభుత్వం నియమించిన రాయబారే కూర్చున్నారు. ఆ విషయం తేల్చకుండా ఏటా వాయిదా వేస్తూ వచ్చారు. కాని చాలా దేశాల్లో ఎంబసీలు సైన్యం చేతిలోనే ఉన్నాయి. పాస్‌పోర్టు కావాలంటే అక్కడికే వెళ్ళాలి. 2021 ఆగస్టులో కాబూల్ పట్టుకున్న తాలిబాన్లను బాహాటంగా గుర్తించిన మొదటి దేశం రష్యా, అదీ 2025 జులైలో. మిగతావాళ్ళు గుర్తించలేదంటూనే మాట్లాడుతూ, వ్యాపారం చేస్తూ వచ్చారు.

ఫిజీలో 2022 డిసెంబరులో మళ్ళీ ప్రధాని అయ్యింది ఎవరో కాదు, ఆ సితివేని రబుకాయే. ఈసారి ఓట్లతో, కూటమి బలంతో. 2023లో గిరిమిట్ దినానికి మొదటిసారి జాతీయ సెలవు ఇచ్చారు. ఆ మే 14న సువాలో జరిగిన ప్రార్థనసభలో, 75కు చేరువైన రబుకా లేచి నిలబడి, 1987లో తాను చేసింది తప్పని ఒప్పుకుని గిరిమిట్ బిడ్డలను క్షమాపణ అడిగారు. అప్పటికి బవాద్రా పోయి ముప్ఫై మూడేళ్ళు.